చెక్క భిన్నాల సెట్: పావు కోసమైతే వద్దు, మూడో వంతు కోసమైతే కొనండి

మాది తణుకులో శానిటరీ, హార్డ్‌వేర్ షాపు. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా నా నోట్లో నలిగేవన్నీ భిన్నాలే. అర ఇంచి పైపు ఎల్బో, ముప్పావు టీ జాయింటు, ఇంచిన్నర వాల్వు, పావు కిలో మేకులు. అలాంటిది మా అమ్మాయి ఐదో తరగతిలో భిన్నాల పాఠం దగ్గర బెదిరిపోయిందంటే మా ఆవిడ నా వంక చూసి నవ్వింది. ట్యూషన్‌లో పిల్లకి "క్రాస్ మల్టిప్లై చేసెయ్" అని నేర్పారు. చేసేస్తోంది, జవాబూ వచ్చేస్తోంది. ఆ వచ్చింది అరకంటే ఎక్కువా తక్కువా అని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తోంది.

అందుకని ఆన్‌లైన్‌లో ఓ చెక్క భిన్నాల సెట్ తెప్పించాను. ఆరు వందల లోపే. ఇలాంటివి ఒకే రకం సరుకు నాలుగైదు పేర్ల మీద అమ్ముతున్నారు కాబట్టి ఏ కంపెనీదన్నది పెద్ద విషయం కాదు. పెట్టె మీద "నాలుగేళ్ల నుంచి, హాఫ్, క్వార్టర్ సులభంగా నేర్పండి" అని ఉంది. నా మాట అడిగితే, హాఫ్, క్వార్టర్ కోసం ఈ డబ్బు పెట్టక్కర్లేదు. ఇది నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. అక్కడ మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది.

పెట్టెలో ఏముంటుందంటే, ఒక ట్రే, అందులో తొమ్మిది వరసలు. పై వరసలో ఒకే పొడుగు పలక, దాని మీద 1 అని ఉంటుంది. కింద వరసలో రెండు సగాలు, ఆ కింద మూడు మూడో వంతులు, తర్వాత నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు ముక్కలు. అన్నీ కలిపితే 51. ఏ కంపెనీ సెట్ చూసినా దాదాపు ఇదే లెక్క. 1/7, 1/9, 1/11 ఉండవు. ఒక్కో వరసది ఒక్కో రంగు. సరుకు ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టు జిగురుతో అదిమి చేసిన పలక, మూడు మిల్లీమీటర్ల మందం, లేజర్‌తో కోసింది. మొత్తం పలక పొడవు 24 సెంటీమీటర్లు. ఈ 24 అన్న అంకె గుర్తు పెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెబుతాను. తోడుగా నాలుగు పేజీల బుక్‌లెట్ ఇచ్చారు. అది పారేసినా నష్టం లేదు.

హాఫ్, క్వార్టర్‌కి అక్కర్లేదని ఎందుకన్నానంటే, ప్రతి ఇంట్లో ఉండే కొలతల టేపే ఆ పని ఇంకా బాగా చేస్తుంది. టేపులో అంగుళాల వైపు చూడండి. అంగుళం మధ్యలో పెద్ద గీత, అది అర. దానికి అటూ ఇటూ కాస్త పొట్టి గీతలు, అవి పావు, ముప్పావు. ఇంకా పొట్టివి ఎనిమిదో వంతులు, అన్నిటికంటే పొట్టివి పదహారో వంతులు. గీత పొడవు చూసి అది ఏ జాతి భిన్నమో చెప్పేయొచ్చు. సెలవు రోజున పిల్లని షాపులో కూర్చోబెట్టి, అంగుళాల స్పానర్లు ఓ పది ఇచ్చి చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టమన్నాను. 3/8, 7/16, 1/2, 9/16, 5/8. మొదట అంకెలు చూసి 9/16 తీసుకెళ్లి చివర పెట్టింది, తొమ్మిది, పదహారు రెండూ పెద్దవి కదా అని. తర్వాత స్పానర్ నోళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుని తనే మార్చుకుంది. ఆ పూట అయ్యేసరికి 3/8 అంటే 6/16 అని నేను చెప్పకుండానే అంది.

ఇక్కడే ఒక పితలాటకం కూడా ఉంది. అర ఇంచి సీపీవీసీ ప్లాస్టిక్ నీళ్ల పైపు తెచ్చి, సన్నటి కొలతలు చూసే వెర్నియర్ పెట్టి కొలిచి, "నాన్నా, ఇది అర ఇంచి కాదు" అంది. నిజమే. దాని బయటి కొలత 5/8 అంగుళం. ముప్పావు పైపు తీస్తే 7/8 వచ్చింది. ఇంచి పైపు ఒకటిన్నీ ఎనిమిదో వంతూ వచ్చింది. ఈ పైపుల పేరుకీ బయటి కొలతకీ మధ్య ఎప్పుడూ ఎనిమిదో వంతు తేడా ఉంటుంది, ఆ సైజులు అలాగే పెట్టారు. మేస్త్రీలకి ఇది మామూలు విషయం, మా అమ్మాయికి మాత్రం పెద్ద మోసం బయటపెట్టినట్టు అనిపించింది. దాంతో 5/8 లోంచి 1/2 తీసేస్తే ఎంత, 7/8 లోంచి 3/4 తీసేస్తే ఎంత అని తనే వేసుకుంటూ కూర్చుంది. పుస్తకంలో ఇలాంటి తీసివేతలు ఒక పేజీ నిండా ఉంటాయి. వాటిని చూసి ఆవలించే పిల్ల, పైపుల దగ్గర మాత్రం కదల్లేదు.

అయితే టేపుకి ఒక అవధి ఉంది. అందులో ఉన్నవన్నీ సగంలో సగం, ఆ సగంలో మళ్లీ సగం. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. మూడో వంతు గీత అంగుళంలో ఎక్కడా ఉండదు. అడుగు తీసుకుంటే పన్నెండు అంగుళాలు కాబట్టి మూడో వంతుకి నాలుగు అంగుళాలు, ఆరో వంతుకి రెండు అని చెప్పుకోవచ్చు. ఐదో వంతు అదీ కుదరదు. మన మాటల్లో చూసినా అంతే, పావు, అర, ముప్పావు పిల్లల నోట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. మూడో వంతు, ఐదో వంతు ఇంట్లో ఎవరూ రోజూ అనరు. లెక్కల్లో పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే, హారాలు, అంటే భిన్నంలో కింది అంకెలు, ఒకదాంట్లో ఒకటి ఇమడనప్పుడు. పావుకి ఎనిమిదో వంతు కలపమంటే పావుని రెండు ఎనిమిదులు చేసుకుంటారు. మూడో వంతుకి పావు కలపమంటే చేతులెత్తేస్తారు. ఈ చెక్క సెట్ కొనాల్సింది ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి.

కొనేముందు గుండ్రటివి తీసుకోవాలా, పొడుగు పలకలు తీసుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. మా బావమరిది కొడుకు దగ్గర గుండ్రటి సెట్ ఉంది, పిజ్జా బొమ్మతో వస్తుందే, అది. కొన్నాళ్లు తెచ్చి మా ఇంట్లో పెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దాంట్లో ఒక గొప్ప సుగుణం కూడా ఉంది: ముక్కలు పేరుస్తుంటే ఒకటి నిండటానికి ఇంకెంత కావాలో ఆ ఖాళీయే చెబుతుంది. మూడు పావులు పెడితే మిగిలింది పావని చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది. కాని 1/5 ముక్కనీ 1/6 ముక్కనీ విడిగా ఇచ్చి ఏది పెద్దదంటే, కోణం చూసి చెప్పడం పెద్దవాళ్లకే కష్టం. పలకలైతే పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చెప్పేయొచ్చు. పైగా గుండ్రంలో ఒకటి దాటగానే ఇంకో గుండ్రం మొదలుపెట్టాలి. పొడుగు పలక నేరుగా స్కేలు మీదికీ, అక్కణ్ణుంచి సంఖ్యారేఖ మీదికీ వెళ్లిపోతుంది. ఒకటో రెండో తరగతి పిల్లలకైతే గుండ్రటిది, నాలుగో తరగతి నుంచి పలకలు. రెండూ కొనక్కర్లేదు.

ఇంకో మాట. రెండు సెట్లూ ఇంట్లో కలిసిపోతే చిన్న గందరగోళం వస్తుంది, అది రానివ్వండి. పెద్ద సెట్‌లో పావు ముక్క, చిన్న సెట్‌లో మూడో వంతు ముక్క కంటే పెద్దదిగా కనిపించింది. "మరి పావే పెద్దదన్నమాట" అని మా బావమరిది కొడుకు వాదన. దేంట్లో పావు, దేంట్లో మూడో వంతు అని వాడూ మా అమ్మాయీ కొట్టుకుని కొట్టుకుని చివరికి ఒక దారికొచ్చారు. నేను మధ్యలో దూరలేదు. షాపులో బేరాలు చూసినవాడికి ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలుస్తుంది.

ఇక సెట్ ఎలా వాడాలన్నది. మా పెద్ద బావగారు ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు. ఆయన వచ్చినప్పుడు సెట్ చూసి చేసిన మొదటి పని ఏంటంటే, 51 ముక్కలూ తిరగేసి బోర్లా పోశారు. ముక్క మీద 1/6 అని అచ్చు వేసి ఉంటే పిల్ల ఆ అంకె చదువుతుంది తప్ప ముక్కని చూడదట. వెనక్కి తిప్పితే ఉత్త రంగు చెక్క. "ఇది మొత్తంలో ఎన్నో వంతో కనుక్కో" అంటే, మొత్తం పలక మీద దాన్ని ఎన్నిసార్లు పరచాలో పరిచి చూసుకోవాలి. ఆరుసార్లు పడితే ఆరో వంతు. అప్పుడు హారం కింద ఉన్న ఆరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చేతికి తెలుస్తుంది. ఆయనే చెప్పారు, బెల్జియంలో జార్జ్ క్విజినేర్ అనే బడి పంతులు 1950ల నాటికే ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా పది రంగుల కర్రలు చేసి లెక్కలు నేర్పాడట, వాటి మీద ఒక్క అంకె కూడా ఉండదట. మన సెట్ చేసినవాళ్లు రెండు వైపులా అచ్చు వేయలేదు కాబట్టి బతికిపోయాం. కొన్ని ప్లాస్టిక్ సెట్లలో రెండు వైపులా అంకెలు ఉంటున్నాయి, ఒక పక్క భిన్నం, ఇంకో పక్క పర్సెంటు. అవి ఇప్పుడే వద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. 1/3 కి 1/4 కలుపు అన్నాను. పిల్ల తడుముకోకుండా 2/7 అంది. పైది పైదానికి, కిందది కిందదానికి కలిపేసింది. ఇది మా అమ్మాయి ఒక్కదాని వరసే అనుకోకండి, మీ పిల్లల్ని ఇప్పుడే అడిగి చూడండి. తప్పు అని చెప్పేస్తే వింటుంది, రేపు మళ్లీ అదే వేస్తుంది. కాబట్టి ఆ 2/7 ఎంత ఉంటుందో చూపిద్దామనుకున్నాను. సెట్‌లో ఏడో వంతులు లేవు కదా. అట్టతో చేశాం.

ఒక పలకని ఏడు సమానంగా కోయడం కొలతతో కుదరదు, 24ని ఏడుతో భాగిస్తే అంతులేని దశాంశం వస్తుంది. దానికి వడ్రంగులు వాడే కిటుకు ఒకటుంది. రూళ్ల కాగితం, ఏ4 సైజుది, తీసుకోండి. పైన ఒక గీతని సున్నా అనుకుని అక్కణ్ణుంచి ప్రతి మూడో గీతకీ గుర్తు పెట్టుకుంటూ ఏడు దాకా వెళ్లండి. 24 సెంటీమీటర్ల అట్ట ముక్కని ఏటవాలుగా పెట్టి, ఒక కొస సున్నా గీత మీద, రెండో కొస ఏడో గుర్తు గీత మీద ఉండేలా తిప్పండి. మధ్యలో గుర్తు పెట్టిన గీతలు అట్టని ఎక్కడెక్కడ దాటాయో అక్కడ పెన్సిల్ పెట్టండి. ఏడు సమాన భాగాలు వచ్చేస్తాయి, కాలిక్యులేటర్ అక్కర్లేదు. తొమ్మిదో వంతు, పదకొండో వంతు కూడా ఇలాగే చేసుకోవచ్చు, గీతల ఎడం మాత్రం చూసుకోవాలి. ఈ పని మా అమ్మాయికి ఎంత నచ్చిందంటే అట్టపెట్టెలన్నీ ఖాళీ చేసేసింది. టైల్స్ గమ్ డబ్బాలు వచ్చిన అట్టలు కూడా వదల్లేదు.

రెండు ఏడో వంతులు అతికించి పెట్టింది. దాని పక్కన 1/3 పలక ఒక్కటే పెట్టమన్నాను. రెండు ఏడో వంతులూ కలిపినా సుమారు ఏడు సెంటీమీటర్లు కూడా లేవు. మూడో వంతు ఒక్కటే ఎనిమిది సెంటీమీటర్లు ఉంది.

"మూడో వంతుకి ఇంకా కొంచెం కలిపాం కదా తల్లీ, మరి ఇది తగ్గిందేంటి?" అన్నాను.

కాసేపు ముక్కల్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "కలిపితే తగ్గదు నాన్నా" అని 2/7 అట్ట తీసి పక్కన పడేసింది. తర్వాత 1/3, 1/4 పలకల్ని కొసలు కలిపి పెట్టి, కింద ఏ వరస ముక్కలు సరిగ్గా సరిపోతాయో వెతకడం మొదలుపెట్టింది. ఆరో వంతులు పెడితే మూడు చాలవు, నాలుగు ఎక్కువ. ఎనిమిదులు సరిపోలేదు, పదులు సరిపోలేదు. పన్నెండో వంతులు ఏడు పెడితే కుదిరాయి. 7/12. క.సా.గు. (ఎల్‌సీఎం) అన్న మాట అప్పటికి ఇంకా ఎవరూ అనలేదు. మూడో వంతునీ పావునీ రెండిట్నీ మిగలకుండా నింపే ముక్క ఏదో అది దొరికింది, అంతే. ఈ ఒక్క సాయంత్రం కోసం నేను ఆ సెట్‌కి డబ్బిచ్చానని అనుకుంటున్నాను.

ఇక 24 సంగతి. సెట్ గొప్పతనం దాన్ని తయారుచేసినవాళ్లకే తెలిసినట్టు లేదు, బుక్‌లెట్‌లో ఎక్కడా రాయలేదు. 1/8 కి 1/6 కలపమంటే సెట్‌లో ఉన్న ఏ ముక్కలూ కింద సరిపోవు. దానికి ఇరవై నాలుగో వంతులు కావాలి, అవి పెట్టెలో లేవు. పిల్ల మళ్లీ చిక్కుకుపోయింది. నేను మామూలు స్కేలు ఇచ్చాను. మొత్తం పలక 24 సెంటీమీటర్లు కాబట్టి ఒక్కో సెంటీమీటరే ఒక ఇరవై నాలుగో వంతు. 1/8 మూడు సెంటీమీటర్లు, 1/6 నాలుగు సెంటీమీటర్లు, కలిపితే ఏడు. అంటే 7/24. స్కేలే యాభై రెండో ముక్కగా పనిచేసింది.

మా అమ్మ పక్కనే మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. "పావలాకి బేడ కలిపితే ఎంతే?" అంది మనవరాల్ని. దానికి పావలా తెలుసు, బేడ తెలీదు. అమ్మ చెప్పింది: రూపాయికి పదహారణాలు, పావలా అంటే నాలుగణాలు, బేడంటే రెండణాలు, కలిపితే ఆరణాలు. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చేదాకా బజారుకెళ్లే పిల్లలందరికీ నోటికొచ్చిన లెక్క ఇది. 1/4 కి 1/8 కలిపితే 6/16 అని ఎవరూ కాగితం మీద వేసినవాళ్లు కారు, రెండిట్నీ అణాల్లోకి మార్చుకునేవాళ్లు. హారాలు సమానం చేయడమంటే అదే కదా. మా అమ్మాయి వెంటనే "అయితే ఈ చెక్కకి ఇరవై నాలుగు అణాలు" అంది. బావగారు ఉండుంటే ఆ మాటకి మురిసిపోయేవారు. అప్పట్నుంచి లెక్క చేసేటప్పుడు "ఎన్ని అణాలు పెట్టుకోవాలి?" అని అడుగుతోంది. మూడుకీ ఐదుకీ అయితే పదిహేను అణాలు, నాలుగుకీ ఐదుకీ అయితే ఇరవై. బళ్లో మాత్రం ఎల్‌సీఎం అనే అనమన్నాను, టీచర్ కంగారుపడకుండా.

మీరు కొనేటప్పుడు కూడా మొత్తం పలక పొడవు ఎంతో అడగండి. 24 అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, 12 అయినా పర్లేదు. కొన్నిటి పొడవు ఇరవై, పాతిక సెంటీమీటర్లు ఉంటోంది. ఇరవైని గాని పాతికని గాని మూడు భాగాలు చేస్తే స్కేలు మీద ఏ గీత దగ్గరా ఆగదు.

లోపాలు కూడా చెప్పాలి. అన్నిటికంటే పెద్దది కోత. లేజర్ కోసేటప్పుడు కాస్త చెక్క కాలి పోతుంది, ఆ మేరకి డ్రాయింగ్‌లో ముందే కలిపి పెట్టుకోవాలి. వీళ్లు పెట్టుకోలేదు. వెర్నియర్‌తో చూస్తే పన్నెండో వంతు ముక్క 20 మిల్లీమీటర్లకి బదులు 19.8 ఉంది. ఒక్క ముక్కలో 0.2 ఎవరికీ కనపడదు. పన్నెండు వరసగా పెడితే 2.4 మిల్లీమీటర్లు తగ్గింది, అది ఐదో తరగతి పిల్లకి స్పష్టంగా కనపడింది. "నాన్నా, 12/12 ఒకటికంటే తక్కువ" అంది. ఆ మాట లెక్కల్లో తప్పు, ఆ పెట్టెలో నిజం. ముక్కల మధ్య సన్నటి కాగితం ముక్క దూర్చి సరిచేసి చూపించాను. కోతకి పోయింది అని చెబితే షాపు పిల్ల కాబట్టి అర్థం చేసుకుంది. పైపు కోసినా రంపం తిన్నది పోతుందని దానికి తెలుసు. అందరిళ్లలో అలా తెలుస్తుందని చెప్పలేను. నేర్పే వస్తువుకి కొలతే ప్రాణం, అక్కడ పిసినారితనం చేయకూడదు.

రెండోది, ట్రే. చుట్టూ అంచు ఉండటంతో ఒకటి దాటే లెక్క అందులో పట్టదు. 3/4 కి 1/2 కలిపితే ఒకటింపావు రావాలి, ముక్కలు ట్రే గోడకి తగిలి ఆగిపోతాయి. నేల మీద చేసుకోవాల్సిందే. పైగా పావు ముక్కలు నాలుగే ఇస్తారు కాబట్టి 5/4 అని పిల్లకి ఐదు పావులు పరిచి చూపించలేం. అపక్రమ భిన్నాలు, మిశ్రమ భిన్నాలు నేర్పాలంటే రెండు సెట్లు కావాలి, లేదా అట్టతో చేసుకోవాలి. కంపెనీవాళ్లు 1/2, 1/3, 1/4 ముక్కలు మరో రెండేసి ఎక్కువ వేసి, బుక్‌లెట్ తీసేస్తే సరిపోయేది.

మూడోది, రంగులు. పదో వంతు నారింజ, పన్నెండో వంతు ఎర్ర నారింజ. ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటే. కొత్తలో పెయింటు వాసన కూడా ఉంది, రెండు రోజులు ఎండలో పెడితే పోయింది.

మాకొచ్చిన పెట్టెలో పదో వంతు ముక్క ఒకటి తక్కువొచ్చింది. అమ్మినవాళ్లకి ఫొటో పెట్టాను. మొత్తం పెట్టె వెనక్కి పంపండి, డబ్బులు వేస్తాం, విడి ముక్క ఇవ్వలేం అన్నారు. ఒక ఎల్బో విరిగిందని డబ్బా మొత్తం వాపసు తీసుకునే వ్యాపారం నాకు తెలీదు. షాపులో ప్లైవుడ్ తుక్కులోంచి 24 మిల్లీమీటర్ల ముక్క కోసి పెట్టాను. నిజం చెప్పొద్దూ, వాళ్ల ముక్కల కంటే అదే కొలతకి సరిగ్గా ఉంది.

ఈ సెట్‌తో గుణకారం చెప్పడానికి మాత్రం కుస్తీ పట్టకండి. భాగహారం చక్కగా వస్తుంది: 1/2 ని 1/8 తో భాగించు అంటే సగం పలకలో ఎనిమిదో వంతులు ఎన్ని పడతాయో పరిచి చూడటమే, నాలుగు. తిరగేసి గుణించు అన్న సూత్రం కంటే ముందు ఇది చూస్తే, చిన్న భిన్నంతో భాగిస్తే జవాబు పెద్దదెందుకయిందన్న అనుమానం ఉండదు. గుణకారానికి పాత న్యూస్‌పేపర్ చాలు. 2/3 ని 3/4 తో గుణించాలంటే కాగితాన్ని నిలువుగా నాలుగు మడతలు పెట్టి మూడిటికి రంగు వేయండి. అడ్డంగా మూడు మడతలు పెట్టి రెండిటి మీద గీతలు గీయండి. మొత్తం పన్నెండు గళ్లు, రెండూ పడ్డవి ఆరు. 6/12, అంటే సగం. మూడు మడతలు సమానంగా రావాలంటే ఉత్తరం కవర్లో పెట్టేటప్పుడు మడిచినట్టు మడవాలి, పిల్లలు రెండోసారికి పట్టేస్తారు.

అలాగే "పన్నెండు బోల్టుల్లో మూడో వంతు ఎన్ని" లాంటి లెక్కలకి ఈ పలకలు పనికిరావు. దానికి బోల్టులే కావాలి. లేదంటే చింతగింజలు.

ఎవరు కొనొచ్చంటే, పిల్లలు నాలుగు, ఐదు, ఆరు తరగతుల్లో ఉండి, పక్కన కూర్చోడానికి ఇంట్లో ఒక మనిషికి సాయంత్రం అరగంట తీరిక ఉంటే కొనండి. పెట్టె చేతికిచ్చి ఆడుకోమంటే రంగులతో ఇల్లు కట్టుకుంటారు, అంతకుమించి ఏమీ జరగదు. ఊళ్లో ట్యూషన్లు చెప్పేవాళ్లు రెండు సెట్లు తీసుకుంటే పదిమంది పిల్లలకి సరిపోతాయి. ఇంట్లో కొలతల టేపు లేకపోతే మాత్రం ముందు అది కొనండి, అంగుళాలు, సెంటీమీటర్లు రెండూ ఉన్నది.

ఎండీఎఫ్‌కి నీళ్లంటే పడదు. తడిగుడ్డతో తుడిచినా అంచులు ఉబ్బి, ముక్కలు ట్రేలో పట్టవు. పొడిగుడ్డతో తుడిచి, పిల్లల వాటర్ బాటిల్‌కి దూరంగా పెట్టుకోండి. అంచులకి ఒక పూత క్లియర్ వార్నిష్ కొడితే ఇంకొన్నేళ్లు ఉంటుంది, చిన్న డబ్బా చాలు. పూత పల్చగా కొట్టండి, మందమైతే మళ్లీ కొలత మారిపోతుంది.